నల్లా మీద అభ్యంతరం

గాడిదకూ తనకూ ఏ పోలికా లేదని సాంస్కృతిక శాఖ మంత్రిగారు స్వయంగా విలేఖరుల సభ పెట్టి ప్రకటించారు. ఆ ప్రకటన వినేదాకా ఆ పోలిక ఎవరికీ తట్టలేదు.

జరిగిందేమిటంటే, ఎవరో కాలేజీ కుర్రాళ్లు ఒక ర్యాప్ ఆల్బం విడుదల చేశారు. దాని అట్ట మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న గాడిద ఒకటి మైకు ముందు నిలబడి ఉంది. అంతే. మంత్రిగారు కూడా నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటారు. ఆయన కూడా తరచు మైకు ముందే నిలబడతారు. ఈ రెండు సంగతులూ కలిపి చూసుకుని ఆయన నొచ్చుకున్నారు. విలేఖరులను పిలిచి, "అది నేను కాదు" అన్నారు. మర్నాడు పత్రికల్లో గాడిద, మంత్రిగారు పక్కపక్కనే అచ్చయ్యారు. ఎవరు ఎవరో పొరపాటు పడకుండా కింద పేర్లు కూడా వేశారు.

ఆ కుర్రాళ్లను శిక్షిస్తే గాడిద తానేనని ఒప్పుకున్నట్టవుతుంది. వదిలేస్తే రేపు ఇంకో జంతువు వస్తుంది. ఈ ఇరకాటంలోంచి పుట్టిందే రాష్ట్ర ధ్వనిసంపుట ముఖచిత్ర ప్రమాణీకరణ మండలి. ధ్వనిసంపుటం అంటే ఆల్బం. ముఖచిత్రం అంటే దాని అట్ట మీది బొమ్మ. నిజానికి ఈ రోజుల్లో ఆల్బంకు అట్ట ఎక్కడుంది? ఫోనులో వేలిగోరంత బొమ్మ, అంతే. ఆ వేలిగోరు కోసం ప్రభుత్వం ఒక భవనం, భవనానికి ఒక కార్యదర్శి, కార్యదర్శికి ఒక జీపు ఏర్పాటు చేసింది. జనం దాన్ని అట్టలాఫీసు అన్నారు.

నియమాలు రాసినవాళ్లు ప్రజాస్వామ్యవాదులు. ధిక్కారాన్ని నిషేధించలేదు, ప్రోత్సహించారు. "ధిక్కార స్వభావము గల సంపుటముల ముఖచిత్రములందు చూపబడు లోపము వాస్తవమై ఉండవలెను. వాస్తవమగునో కాదో సదరు లోపమునకు బాధ్యత వహించు శాఖయే ధ్రువీకరించవలెను" అన్నారు. అంటే ప్రభుత్వాన్ని ఎంతైనా తిట్టవచ్చు. ఆ తిట్టు నిజమేనని ప్రభుత్వం చేతనే రాయించుకుని రావాలి.

ఈ నియమం వచ్చిన కొత్తలోనే కందిగుట్ట కాలనీ తిరుమలేష్ తన మొదటి ఆల్బం పూర్తి చేశాడు.

కందిగుట్ట అనేది పట్టణం చివర ఉన్న రాతి గుట్ట. దాని మీద రేకుల ఇళ్లు, ఆ ఇళ్ల మధ్య ఒక వీధి నల్లా. నల్లాకు పైపు ఉంది, పైపుకు వెనక ట్యాంకు ఉంది, ట్యాంకులో నీళ్లు కూడా ఉన్నాయి. మధ్యలో ఒక వాల్వ్ ఉంది. ఆ వాల్వ్ ఎప్పుడు తిప్పినా గుట్ట కింద ఉన్న ఆఫీసర్ల కాలనీ వైపే తిరిగేది. అక్కడ పచ్చిక ఉంది కదా, దానికి దాహం ఎక్కువ.

తిరుమలేష్ పగలు స్కూటరు మీద పార్సిళ్లు పంచేవాడు, మిగతా వేళల్లో ర్యాప్ పాడేవాడు. అందరు ర్యాపర్లలాగే ముందు ఎంసీ తగిలించి, 'ఎంసీ ఖాళీబిందె' అని పేరు పెట్టుకున్నాడు. తల్లి రాజవ్వ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని జనంతో తోసుకోవడం చూసి చూసి, ఆ కడుపుమంట అంతా పాటలు చేశాడు. ఆల్బం పేరు 'నల్లా'. బొమ్మ కోసం ఫ్లెక్సీ దుకాణంలో డిజైన్లు చేసే నస్రీన్ దగ్గరికి వెళ్లాడు.

నస్రీన్ పని నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు చేయడం. ఏ స్థాయి నాయకుణ్ణి ఎంత తెల్లగా చేయాలో, ఎవరి వెనక సూర్యకిరణాలు పెట్టాలో, ఎవరి వెనక పెడితే పై నాయకుడికి కోపం వస్తుందో ఆమెకు బాగా తెలుసు. తన ఇష్టానికి ఒక బొమ్మ గీసుకునే అవకాశం మాత్రం అంతవరకు రాలేదు. తిరుమలేష్ పాటలు విని ఆమె భోజనం మానేసి కూర్చుంది.

నల్లటి నేపథ్యం. మధ్యలో ఇత్తడి నల్లా. నల్లా మూతికి సాలెగూడు, అందులో హెడ్‌ఫోన్ పెట్టుకుని పాట వింటున్న సాలెపురుగు. కింద బారుగా బిందెలు, కచేరీకి వచ్చిన జనంలాగా నోళ్లు తెరుచుకుని పైకి చూస్తూ.

తిరుమలేష్ బొమ్మను దగ్గర నుంచి, దూరం నుంచి చూశాడు. "అక్కా, గిది చూస్తే పాట ఇనకున్నా సమజైతది" అన్నాడు చివరికి.

"ఇనాలెరా, పాట గూడ ఇనాలె" అంది నస్రీన్. "గని ముందుగాల అట్టలాఫీసుల పాస్ గావాలె."

అట్టలాఫీసు కార్యదర్శి పేరు ఉప్పులూరి విశ్వపతి. ఆయన మాట్లాడుతుంటే ఎవరో గెజిట్ చదువుతున్నట్టు ఉండేది. బొమ్మను పెద్దది చేయించి గోడకు తగిలించి, చేతికర్రతో చూపిస్తూ విచారణ మొదలుపెట్టారు.

"నలుపు రంగు సంతాప సూచకము. ఎవరు కాలధర్మము చెందినారు?"

"ఎవ్వరు సావలే సార్" అన్నాడు తిరుమలేష్. "నల్లా సచ్చింది."

"నల్లా ప్రాణి కాదు. కావున సంతాపము చెల్లదు. తదుపరి, ఈ బిందెలు నోళ్లు తెరచి ఉన్నవి. నినాదములు చేయుచున్నవా?"

"బిందెలకు నోళ్లు తెరుసుకునే ఉంటయి సార్. మేం తెరువలే" అంది నస్రీన్.

"ఇన్ని బిందెలు ఒకచోట గుమిగూడుటకు పోలీసువారి అనుమతి ఉన్నదా?"

జవాబు వచ్చేలోపే విశ్వపతిగారి చేతికర్ర సాలెపురుగు మీదికి వెళ్లింది.

"సాలెపురుగునకు చెవులుండవు. హెడ్‌ఫోన్ శాస్త్రవిరుద్ధము. అన్నింటికన్న ముఖ్యమైన లోపము వేరొకటి ఉన్నది. పిడికిలి ఎక్కడ?"

"ఏం పిడికిలి సార్?"

"ధిక్కార సంపుటము అనగా పిడికిలి ఉండవలెను. పిడికిలి లేని ధిక్కారమును మేము ఎట్లు గుర్తుపట్టగలము? నమూనా పిడికిలి మా కార్యాలయమున లభించును."

నమూనా పిడికిలి తెప్పించారు. ఒక విశ్రాంత ఉన్నతాధికారి చేతిని చూసి గీయించిన బొమ్మ అది. ఎంత మర్యాదగా బిగించారంటే, గొడుగు పట్టుకున్నట్టు ఉంది. గొడుగు మాత్రం లేదు.

నస్రీన్ ఆ పిడికిలిని, గోడ మీది తన బొమ్మను మార్చిమార్చి చూసింది. సాలెపురుగును ఏం చేస్తారోనని ఆమెకు దిగులు పట్టుకుంది.

"ఇవి చిన్న సవరణలు" అన్నారు విశ్వపతి. "అసలు విషయము నల్లా. నల్లా ఎండినదని మీ ఆరోపణ. నీళ్ల శాఖవారు ధ్రువీకరించవలెను. సంయుక్త తనిఖీకి ఆదేశించుచున్నాను."

తనిఖీ కబురు అందగానే నీళ్ల శాఖ ఇంజనీరు పిడమర్తి సంపత్‌కు చెమటలు పట్టాయి. నల్లాలో నీళ్లు రావని సంతకం చేస్తే తన తప్పు తానే రాసిచ్చినట్టు. నీళ్లు వస్తాయని సంతకం చేద్దామంటే, అట్టలాఫీసు కార్యదర్శి నల్లా ఎదురుగా నిలబడి చూస్తాడు. ఎంత ఆలోచించినా మూడో దారి ఒక్కటే కనిపించింది. అది ఆయన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ తొక్కని దారి. వెళ్లి వాల్వ్ కందిగుట్ట వైపు తిప్పాడు.

విశ్వపతిగారి జీపు గుట్ట ఎక్కేసరికి కాలనీ అంతా నల్లా చుట్టూ చేరింది. ఆయన ముఖచిత్రాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, బొమ్మను నల్లాతో పోల్చి చూశారు.

"చిత్రమందలి సాలెపురుగు ఏదీ?"

"గిప్పుడే బయటికి పోయింది సార్" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఇంజనీరు సంపత్ ముందుకొచ్చి నల్లా తిప్పాడు. నల్లా మొదట దగ్గింది. తర్వాత ఎర్రటి తుప్పు నీళ్లు కక్కింది. ఆ వెనక తెల్లగా, లావుగా, చప్పుడు చేస్తూ నీళ్లు దూకాయి. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. రాజవ్వ అందరికన్నా ముందు తేరుకుని బిందె పెట్టింది. తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో చెప్పడం కష్టం. కార్యదర్శిగారి బూట్లు తడిశాయి.

"నీరు వచ్చుచున్నది" అని ఆయన బూట్ల సాక్షిగా ప్రకటించారు. "చిత్రము అవాస్తవము. తిరస్కరించడమైనది. సవరించి మరల సమర్పించుకొనవచ్చును."

జీపు గుట్ట దిగింది. సంపత్ కూడా దిగి వాల్వ్‌ను మళ్లీ ఆఫీసర్ల కాలనీ వైపు తిప్పేశాడు. నల్లా దగ్గి, ఊరుకుంది.

తిరుమలేష్‌కు ఒళ్లు మండిపోయింది. నేపథ్యం ముదురు నీలం చేయించి, బిందెలకు మూతలు పెట్టించి, మర్నాడే మళ్లీ సమర్పించాడు. కొత్త చిత్రం కాబట్టి కొత్త తనిఖీ. కొత్త తనిఖీ కాబట్టి మళ్లీ నీళ్లు. మళ్లీ తిరస్కారం. ఇంకోసారి పిడికిలి చేర్చి సమర్పించాడు. మళ్లీ నీళ్లు. ఆ తర్వాత తనిఖీకి ఎప్పుడు వస్తారో ముందుగా చెప్పేవారు కాదు. అందుకని సంపత్ వాల్వ్ తిప్పడం మానేసి, అర్జీ నడిచినన్నాళ్లూ దాన్ని కందిగుట్ట వైపే ఉంచేయసాగాడు.

కిటుకు మొదట పట్టుకున్నది రాజవ్వ. "కొడుకా, నీ కాగితం ఆళ్ల తాన ఉన్నన్ని దినాలు నీళ్లొస్తున్నయ్. నువ్వు తెచ్చుకుంటే బందైతున్నయ్" అంది. "ఆళ్ల తాన్నే ఉండనీ."

"మరి నా ఆల్బం?"

"ఉండనీ బిడ్డా. పాట ఏమన్న పాసిపోతదా?"

కాలనీ పెద్దలు కూర్చుని అదే తీర్మానించారు. ఆల్బంకు ఎట్టి పరిస్థితుల్లోనూ అనుమతి రాకుండా చూసుకోవాలన్నారు. నస్రీన్ వారం వారం బొమ్మకు ఏదో ఒక కొత్త తప్పు చేర్చేది. ఒకసారి నల్లాకు మీసం పెట్టింది. ఆ మీసం ఎవరిదో తేల్చడానికి మండలి ఉపసంఘం వేసింది. ఉపసంఘం కూర్చున్నంత కాలం కందిగుట్టలో జనం రెండు పూటలా స్నానం చేశారు.

ఇలాంటి సంగతి దాగదు. పక్క కాలనీలో రోడ్డు మీద ఆటో దిగబడేంత గుంతలున్నాయి. అక్కడి రిటైరైన లెక్కల మాస్టారు ఒక తెల్లవారి 'ఎంసీ గతుకు' అయ్యాడు. ఆయనకు ర్యాప్ అంటే ఏమిటో తెలియదు, నేర్చుకోదలచుకున్నదీ లేదు. గుంత బొమ్మ గీయించి సమర్పించాడు. తనిఖీకి ఎవరూ రాకముందే రోడ్ల శాఖ వాళ్లు వచ్చి తారు పోసి పోయారు. వీధిలైట్లు లేని పేటలో భజన బృందం 'చీకటి గ్యాంగ్'గా మారి, నల్ల చతురస్రం ఒకటి సమర్పించి, లైట్లు తెచ్చుకుంది. రేషను దుకాణం తెరవని చోట ముసలమ్మలు ఒక ర్యాప్ బృందం పెట్టుకున్నారు. వాళ్ల చిత్రంలో తాళం బొమ్మ చూసి డీలరే భయపడి తాళం తీశాడు.

పాట ఎవరి దగ్గరా లేదు. ఎవరూ అడగలేదు కూడా. నియమావళిలో పాట ప్రస్తావన లేదు.

విశ్వపతి ప్రభుత్వానికి నివేదిక పంపారు: "రాష్ట్రమున ధిక్కార కళ అనూహ్యముగా వర్ధిల్లుచున్నది. అయితే అందరునూ అవాస్తవములే చిత్రించుచున్నారు. ఎచ్చటకు తనిఖీకి వెళ్లినను రోడ్లు నున్నగా, లైట్లు వెలుగుతూ, నీళ్లు పారుతూ ఉన్నవి." మంత్రిగారు ఆ నివేదిక చదివి, తన ప్రభుత్వం ఇంత బాగా పనిచేస్తోందని తనకే తెలియదని ఆశ్చర్యపోయారు.

ఈ సంబరంలో ఏడుపు మొహం పెట్టుకున్నవాడు ఒక్క తిరుమలేషే. అతని దగ్గర మాత్రం నిజంగా పాటలున్నాయి. పాడితే వినేవాళ్లు లేరు. గదిలో సాధన చేసుకుంటుంటే పక్కింటివాళ్లు వచ్చి, "పాడుకో తమ్మీ, గని ఇడుదల జెయ్యకు" అని బతిమాలి పోయేవారు. తోటి ర్యాపర్లు 'ఎంసీ అర్జీ' అని పేరు మార్చారు. ఒక మధ్యాహ్నం పార్సిళ్లు పంచి వచ్చి, నిండు చెంబుతో నీళ్లు తాగి, 'ఎండిన గొంతుల ఎర్రని మంట' అనే చరణం ఎత్తుకోబోయాడు. గొంతు చల్లగా, హాయిగా ఉంది. మంట ఎంత వెతికినా దొరకలేదు. భయమేసింది. లేచి నేరుగా నస్రీన్ దుకాణానికి వెళ్లాడు.

"అక్కా, ఒక అట్ట గియ్యాలె. అభ్యంతరం రావద్దు."

నస్రీన్ చేతిలో పని ఆపింది. "అంటే పాసయ్యేదా? నీళ్లు బందైతయిరా."

"తెలుసు."

"అవ్వకు చెప్పినవా?"

తిరుమలేష్ తల అడ్డంగా ఊపాడు. "అక్కా, గీ పాటలు ఇప్పుడు బయటికి రాకపోతే ఇగ రావు. నాకు కోపం గూడ వస్తలేదు. కోపం లేనోడు గీ పాటలెట్ల పాడతడు?"

నస్రీన్ తెర మీది నాయకుడి బొమ్మ మూసేసింది. ఆమెకు తన సాలెపురుగు గుర్తొచ్చింది. ఎప్పుడో మూడో సవరణలో దాన్ని తీసేశారు. "సరే" అంది. "ఆళ్లకు నచ్చేటట్టు గియ్యనీకి నాకేం కొత్త? బతుకంతా గదే పని."

నల్లాను ఎమ్మెల్యేను చేసినంత తెల్లగా చేసింది. మెడలో గజమాల వేసింది. వెనక సూర్యకిరణాలు, నాలుగు మూలలా పావురాలు. నల్లాలోంచి జలపాతంలా నీళ్లు. కింద బిందెలు పొంగిపొర్లుతూ చేతులు జోడించి నిలబడి ఉన్నాయి. బిందెలకు చేతులుండటం శాస్త్రవిరుద్ధమే. అయినా దండం పెడుతున్నాయి కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరని ఆమెకు తెలుసు.

విశ్వపతి ఆ చిత్రం చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతటి సుశిక్షితమైన ధిక్కారమును నా సర్వీసులో చూచి ఉండలేదు" అన్నారు. ఇంజనీరు సంపత్ గుట్ట ఎక్కి, నల్లా తిప్పి చూపించి, 'నీరు వచ్చుచున్నది, చిత్రము వాస్తవము' అని రాసి, సంతకం కింద రెండు గీతలు గీశాడు. మండలి తన గుండ్రటి ముద్రను చిత్రం మూలన వేసింది. ముద్రలో ఒకే మాట ఉంది: 'వాస్తవము'. ఆ మధ్యాహ్నమే ఫైలు మూశారు. సాయంత్రానికి వాల్వ్ ఆఫీసర్ల కాలనీ వైపు తిరిగింది.

ఆల్బం విడుదలైంది. గజమాల వేసుకున్న నల్లా బొమ్మ నొక్కితే, 'నోరెండిన బిందె నేను' అని గొంతు చించుకునే పాట. విన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు, ఆ వెంటనే మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని విన్నారు. "ఏం ఎటకారం రా అయ్యా" అని ఒకరికొకరు పంపుకున్నారు. ప్రభుత్వ ముద్ర కూడా నస్రీనే గీసిందనుకుని, ఆ ఊహకే ఆమెకు దండాలు పెట్టారు. హాస్టళ్లలో, ఆటోల్లో, టీ కొట్టుల్లో అదే పాట. తిరుమలేష్ ఫోను మోగుతూనే ఉంది.

అతని ఇంట్లో మాత్రం చెంబు ఖాళీ. రాజవ్వకు సంగతి తెలిసింది. తిట్టలేదు. బిందె తీసుకుని ట్యాంకరు దగ్గరికి వెళ్లింది. తిట్టనందుకు భయపడి తిరుమలేష్ కూడా ఇంకో బిందె పట్టుకుని వెనకే వెళ్లాడు.

ట్యాంకరు డ్రైవరు స్టీరింగు మీద కాళ్లు పెట్టుకుని ఫోనులో పాట వింటున్నాడు. "ఇన్నవా అవ్వా, ఎవడో గని మస్తు పాడిండు. మన బాధలన్ని చెప్పిండు."

"నా కొడుకే" అంది రాజవ్వ. గర్వంగానే అంది. తర్వాత బిందె ఎత్తుకుని, కొడుకు వైపు చూడకుండా తోపులాటలోకి వెళ్లిపోయింది. ఆమె కాలు ఎవరో తొక్కితే, ఆ నొప్పి తిరుమలేష్ మొహంలో కనిపించింది.

అక్కడి నుంచే అతను అట్టలాఫీసుకు వెళ్లాడు.

"సార్, నా అట్ట అబద్ధం" అన్నాడు. "నల్లాల నీళ్లొస్తలేవు. నా ఆల్బం రద్దు చెయ్యుండ్రి. మళ్ల పాత అర్జీ పెట్టుకుంట."

విశ్వపతి కుర్చీలోంచి లేచారు. "ఏమంటిరి? ముద్ర వేసిన చిత్రము అవాస్తవమా?"

"వచ్చి చూడుండ్రి సార్. బొట్టు నీళ్లు లేవు."

"చూడనవసరము లేదు. మండలి ఆమోదించిన చిత్రము అవాస్తవము కానేరదు."

"మరి నల్లా ఎండిపోయింది గద సార్?"

"అట్లయిన నల్లాది పొరపాటు" అన్నారు విశ్వపతి. "నల్లా సవరించుకొనవలెను."

ఆయన మొహం ఎర్రబడింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన వేసిన ముద్రను ఎవరూ కాదనలేదు. ఇప్పుడు ఒక వాల్వ్ కాదంటోంది. అప్పటికప్పుడు జీపు ఎక్కి నీళ్ల శాఖ ఆఫీసుకు వెళ్లారు. వెనక తన స్కూటరు మీద తిరుమలేష్.

"అప్పుడు వచ్చినయి సార్" అని గొణిగాడు ఇంజనీరు సంపత్. "సంతకం పెట్టినప్పుడు నిజంగనే వచ్చినయి."

"ముద్రలో 'అప్పుడు' అను మాట లేదు. 'వాస్తవము' అని మాత్రమే ఉన్నది. మండలి ముద్రను అవాస్తవము చేయు అధికారము ఏ వాల్వునకును లేదు."

"ఆఫీసర్ల కాలనీల గడ్డి ఎండిపోతది సార్."

"గడ్డి తన ముఖచిత్రమును సమర్పించుకొనవచ్చును."

సంపత్ వాల్వ్ తిప్పాడు. ఈసారి విశ్వపతి దగ్గరుండి తిప్పించి, హ్యాండిల్ ఊడదీయించి, జీపులో వేసుకుని తీసుకెళ్లారు.

ఈ కబురు గుంతల కాలనీకి, చీకటి పేటకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అంతవరకు గుంతలు గీయించుకున్నవాళ్లు ఇప్పుడు నున్నటి రోడ్లు గీయించుకున్నారు. రోడ్లు అప్పటికి తనిఖీల పుణ్యమా అని నున్నగానే ఉన్నాయి కాబట్టి శాఖలు ఆనందంగా సంతకాలు పెట్టాయి. ముద్రలు పడ్డాయి. తర్వాత వాన వచ్చి తారు లేచిపోయినప్పుడల్లా, "రోడ్డు తన చిత్రమునకు అనుగుణముగా ప్రవర్తించుట లేదు" అని విశ్వపతి తాఖీదు పంపేవారు. ఒక పేటవాళ్లు ఆసుపత్రి బొమ్మ గీయించారు. అందులో డాక్టరు కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. ముద్ర పడ్డాక, డాక్టరు కుర్చీలో ఉంటే చాలదా, నవ్వాలా అని వైద్య శాఖ వివరణ కోరింది. నవ్వవలెనని మండలి జవాబిచ్చింది.

చివరికి మంత్రివర్గానికి ఫిర్యాదులు అందాయి. రాష్ట్రంలో ప్రతి శాఖా రోజూ పని చేయవలసి వస్తోందని, ఇలాగైతే పరిపాలన సాగదని అధికారులందరూ కలిసి మొరపెట్టుకున్నారు. కళాస్వేచ్ఛకు ప్రభుత్వం కట్టుబడి ఉందని ప్రకటించి, మంత్రిగారు మండలిని రద్దు చేశారు. ఇకపై ఎవరైనా ఏ జంతువు బొమ్మైనా వేసుకోవచ్చన్నారు.

సంపత్ ఆ ఉత్తర్వు పట్టుకుని పరుగున వచ్చి, వాల్వ్ హ్యాండిల్ ఇప్పించమని అడిగాడు. విశ్వపతి అప్పుడు తన బల్ల సర్దుకుంటున్నారు.

"మండలి రద్దయినది. మండలి ఇచ్చిన ఆమోదములు రద్దు కాలేదు" అన్నారాయన. "ఆమోదములను ఉపసంహరించు అధికారము మండలికి మాత్రమే కలదు."

"అయితే మండలినే అడుగుత సార్."

"మండలి లేదు కదా" అన్నారు విశ్వపతి. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆ ఆఫీసులో లేరు. ఆ రోజు మాత్రం నవ్వారేమోనని సంపత్‌కు అనుమానం వచ్చింది.

కందిగుట్టలో తిరుమలేష్‌కు సన్మానం పెట్టారు. నల్లా పక్కనే బల్లలు వేసి వేదిక కట్టారు. వెనక నస్రీన్ గీసిన మొదటి బొమ్మ, నల్లటి నేపథ్యం, నోళ్లు తెరిచిన బిందెలు, హెడ్‌ఫోన్ పెట్టుకున్న సాలెపురుగు, గోడంత ఫ్లెక్సీగా వేలాడింది. నస్రీన్ ముందు వరుసలో కూర్చుని, పిల్లల చేత సాలెపురుగు కాళ్లు లెక్కపెట్టిస్తోంది.

తిరుమలేష్ మైకు అందుకున్నాడు. అతని కోపం తిరిగొచ్చింది. ట్యాంకరు దగ్గర తల్లి కాలు ఎవరో తొక్కినప్పుడు వచ్చిన కోపం అది, మళ్లీ పోలేదు. నరాలు తేలేలా పాడాడు. బొట్టు నీళ్లు లేవన్నాడు. నాలుక రాయి అయ్యిందన్నాడు. జనం తడి జుట్లు ఆరబెట్టుకుంటూ, ఉతికిన బట్టలు పిండుకుంటూ, తలలూపుతూ విన్నారు. ఒక ముసలాయన పక్కవాణ్ణి, "ఏ ఊరి సంగతి చెప్తున్నడు, పాపం?" అని అడిగాడు.

చివరి పాటలో, అందరూ ఊపిరి బిగబట్టే చోట, తిరుమలేష్ గొంతు పెంచి, "ఏదీ నీళ్లు? యాడున్నయ్ నీళ్లు?" అని అరిచి ఆగాడు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వేదిక పక్కన నిండిన బిందె మీంచి నీళ్లు పొర్లి పారుతున్న చప్పుడు వినిపించింది.

"ఓరి కొడుకా!" అని జనంలోంచి రాజవ్వ కేకేసింది. "నీ పక్కన్నే ఉన్నయిరా! నల్లా బంద్ చెయ్యి, నీళ్లన్ని పోతున్నయ్!"

తిరుమలేష్ మైకు కింద పెట్టి, వేదిక దిగి, నల్లా బంద్ చేశాడు. ఆ సాయంత్రం మొత్తం మీద ఎక్కువ చప్పట్లు దానికే పడ్డాయి.